ఎండీ జీతం అచ్చేశారు, మా తమ్ముడి జీతం ఏ లెక్కలోనూ లేదు

సైదులు_చౌటుప్పల్ | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. చౌటుప్పల్‌లో నాది సెల్ రిపేరు షాపు. మా తమ్ముడు హైవే మీద ఒక మందుల కంపెనీలో పనిచేస్తాడు. రెండేళ్ళ కింద ఆ కంపెనీ షేర్లు 12 కొన్నాను. వాడు చెమటోడ్చే చోట మనకూ రవ్వంత ఉండనీ అనుకున్నాను, అంతే.

మొన్న ఆ కంపెనీ వార్షిక నివేదిక మెయిల్‌లో వచ్చింది. షాపు మూశాక కూర్చుని చదివాను. సగం అర్థం కాలేదు. ఒక పేజీ దగ్గర మాత్రం ఆగిపోయాను. ఒక్కో డైరెక్టర్ జీతం కంపెనీలో మధ్యస్థ ఉద్యోగి జీతానికి ఎన్ని రెట్లో చూపే పట్టిక అది. ఎండీ పేరు పక్కన మూడంకెల సంఖ్య ఉంది.

తమ్ముడి జీతం చీటీ తెచ్చి పక్కన పెట్టాను. దాని మీద కంపెనీ పేరే లేదు, కాంట్రాక్టర్ పేరుంది. హోదా హెల్పర్. హాజరు 26. బేసిక్, వీడీఏ (ధరలను బట్టి కలిపే భత్యం) కలిపి 13,000. ఓటీ, అంటే అదనపు పని, 48 గంటలకు 3,000. పీఎఫ్, ఈఎస్‌ఐ పోను మిగిలింది బ్యాంకులో పడింది.

వాడు చేసేది హెల్పర్ పని కాదు. ఐదేళ్ళ నుంచి సెంట్రిఫ్యూజ్ నడుపుతున్నాడు, గిరగిరా తిప్పి మందులోంచి ద్రవాన్ని వేరుచేసే యంత్రం అది. అందులో మిగిలిన తడి ముద్ద తీసి డ్రైయర్‌లో వేస్తాడు. ఇంటికొచ్చి సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నా చేతులకు సాల్వెంట్ వాసన వదలదు. వాడి బిడ్డకు మూడేళ్ళు. నాన్న కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోదు, మా మరదలే తినిపించాలి.

నాకు తెలియాల్సింది ఇదీ. ఆ మధ్యస్థ ఉద్యోగి లెక్కలో మా తమ్ముడు ఉన్నాడా? ఎండీ జీతానికి చట్టంలో పైహద్దు అంటూ ఏమైనా ఉందా? ఉంటే కింది హద్దు సంగతేంటి? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాలమూరు_లెక్కలు | ఆదివారం రాత్రి 10:05

సైదులన్నా, మహబూబ్‌నగర్‌లో ఒక ఆడిటర్ గారి దగ్గర 11 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. నాకు తెలిసింది చెప్తాను.

మీరు చూసిన పట్టిక 2013 కంపెనీల చట్టం 197వ సెక్షన్ కింద వేసేది. స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన ప్రతి కంపెనీ వేయాలి. మధ్యస్థ జీతం అంటే అందరినీ జీతం వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ నిలబడే మనిషి జీతం. కానీ ఆ వరుసలో నిలబెట్టేది కంపెనీ సొంత ఉద్యోగులనే. మీ తమ్ముడు కాగితం మీద కాంట్రాక్టర్ మనిషి కాబట్టి ఆ వరుసలో లేడు. క్యాంటీన్ వాళ్ళు, గేటు దగ్గర సెక్యూరిటీ, లోడింగ్ వాళ్ళు కూడా లేరు. వాళ్ళందరినీ కలిపితే నడుమ మనిషి కిందికి జారతాడు, ఎండీ పక్కనున్న సంఖ్య ఇంకా పెరుగుతుంది.

పైహద్దు ఉంది. పబ్లిక్ కంపెనీలో డైరెక్టర్లు, మేనేజర్ అందరికీ కలిపి ఇచ్చేది ఆ ఏడాది నికర లాభంలో 11 శాతం దాటకూడదు. ఒక్క ఎండీకైతే 5 శాతం. కానీ వాటాదారులు ప్రత్యేక తీర్మానం చేస్తే దాన్ని దాటొచ్చు. ఇదివరకు 11 శాతం దాటాలంటే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాల్సి వచ్చేది. 2017 సవరణ చట్టం 2018లో అమల్లోకి వచ్చాక ఆ అనుమతి తీసేశారు. కంపెనీకి లాభమే లేకపోయినా అదే చట్టం షెడ్యూల్ 5 కింద జీతం ఇవ్వొచ్చు. పెట్టుబడి 5 కోట్ల లోపున్న కంపెనీలో కూడా ఏడాదికి 60 లక్షల దాకా ఇవ్వొచ్చు.

కింది హద్దు కనీస వేతనం. 1948 చట్టం ప్రకారం ఐదేళ్ళు దాటకుండా దాన్ని తిరగరాయాల్సి ఉండేది. మన రాష్ట్రం వచ్చాక చాలా రంగాల్లో ఏళ్ళ తరబడి బేసిక్ ముట్టుకోలేదు. ఆరు నెలలకోసారి ధరల సూచీని బట్టి వీడీఏ మాత్రం కలిపారు. 2021లో ఐదు రంగాలకు కొత్త రేట్ల జీఓలు ఇచ్చారు గానీ గెజిట్‌లో అచ్చు వేయలేదు. గెజిట్‌లో లేని రేటు అమలు కాదు. దాని మీద జనం హైకోర్టుకు పోవాల్సి వచ్చింది.

అన్నా, మీ నివేదికలోనే ఇంకో చోటు చూడండి. వెనకవైపు బాధ్యతాయుత వ్యాపారం, సుస్థిరత నివేదిక అని ఉంటుంది. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి కంపెనీలకు 2022-23 నుంచి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దాన్ని తప్పనిసరి చేసింది. అందులో ఐదో సూత్రం కింద, కనీస వేతనానికి సమానంగా ఎంతమందికి ఇచ్చారు, అంతకంటే ఎక్కువ ఎంతమందికి ఇచ్చారు అని పట్టిక ఉంటుంది. పర్మినెంట్ కానివాళ్ళకు విడిగా గడి ఉంటుంది. మీ తమ్ముడు ఎక్కడైనా ఉంటే ఆ గడిలోనే ఉండాలి.

ప్లాంట్_హెచ్ఆర్ | ఆదివారం రాత్రి 10:48

నేను వేరే కంపెనీలో హెచ్ఆర్. ఎవరి తరఫునా మాట్లాడటం లేదు, లెక్క చెప్తాను.

ఒక కంపెనీ ఎండీ జీతం 5 కోట్లు అనుకోండి. పనివాళ్ళు 5,000 మంది. ఎండీ ఒక్క రూపాయి తీసుకోకుండా మొత్తం పంచేస్తే మనిషికి ఏడాదికి 10,000, నెలకు 833 రూపాయలు. దానితో ఎవరి బతుకూ మారదు. ప్లాంటుకు విదేశీ తనిఖీ వాళ్ళు వచ్చి ఒక్క అభ్యంతరం రాస్తే నెలల తరబడి ఎగుమతులు ఆగుతాయి. అప్పుడు బాధ్యత ఎండీదే. అలాంటి మనిషి దొరకాలంటే మార్కెట్ రేటు ఇవ్వాల్సిందే. జీతం ఆయనకాయనే రాసుకోడు. బోర్డులో దానికో కమిటీ ఉంటుంది, తర్వాత వాటాదారుల ఓటు ఉంటుంది.

ఎండీ జీతం చూసి గుండె మండటం సహజమే. కానీ మీ తమ్ముడి కష్టానికి కారణం అది కాదని నా అభిప్రాయం.

సైదులు_చౌటుప్పల్ | ఆదివారం రాత్రి 11:20

సార్, మీ 833 గురించి. మా ఇంట్లో నెల పాల బిల్లు దాదాపు అంతే. మీకు చిన్నగా కనపడొచ్చు గానీ మాకది పిల్లల పాలు.

అయినా నేను ఎండీ జీతం పంచమని అడగలేదు. ఇందాక ఓటీ లెక్క వేశాను. 13,000ను 26తో భాగిస్తే రోజుకు 500. ఎనిమిది గంటలతో భాగిస్తే గంటకు 62 రూపాయల 50 పైసలు. 48 గంటలకు సరిగ్గా 3,000. అంటే ఓటీ గంటకూ మామూలు గంట రేటే కట్టారు. ఓటీకి రెట్టింపు ఇవ్వాలని విన్నాను. నిజమైతే నెలకు 3,000, ఏడాదికి 36,000 మా తమ్ముడికి రావాల్సింది రాలేదు. ఐదేళ్ళుగా ఇదే. వాడు ఎవరి సొమ్మూ అడగటం లేదు, వాడిదే అడగాలి.

పాలమూరు_లెక్కలు | సోమవారం ఉదయం 7:30

నిజమే అన్నా. ఓటీకి మామూలు రేటుకు రెట్టింపు. ఫ్యాక్టరీల చట్టంలో 1948 నుంచీ ఉండేది, 2019 వేతన కోడ్‌లోనూ ఉంది. పాత వేతన చట్టాల స్థానంలో ఈ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది.

హెచ్ఆర్ గారూ, ఎండీ జీతానికీ కార్మికుడి కష్టానికీ సంబంధం లేదన్నారు. ఇక్కడే నాకు అభ్యంతరం. ఎండీల జీతంలో పెద్ద ముక్క చాలాచోట్ల కమిషన్. అది నికర లాభంలో ఇంత శాతం అని ఉంటుంది. కూలీ ఖర్చు తగ్గితే లాభం పెరుగుతుంది, లాభం పెరిగితే కమిషన్ పెరుగుతుంది. సైదులన్న తమ్ముడికి ఎగ్గొట్టిన 3,000 కంపెనీ లాభంలో కలిస్తే, 5 శాతం లెక్కన 150 రూపాయలు ఎండీకి చేరినట్టే. ఒక్క మనిషికి 150 చిన్నదే. వెయ్యి మంది కాంట్రాక్టు కార్మికులుంటే నెలకు లక్షన్నర.

అదే కార్మికుడి బోనస్‌కు పైహద్దు జీతంలో 20 శాతం, ఎన్ని తీర్మానాలు చేసినా చట్టం కింద ఆ హద్దు కదలదు.

ప్లాంట్_హెచ్ఆర్ | సోమవారం ఉదయం 8:15

ఆ 3,000 కంపెనీ దగ్గర మిగిలిందని ఎలా అంటారు? మేం కాంట్రాక్టర్‌కు మనిషికింత అని బిల్లు కడతాం. నేను చూసిన చాలా కేసుల్లో మిగిలేది కాంట్రాక్టర్ జేబులో.

పాలమూరు_లెక్కలు | సోమవారం ఉదయం 8:40

అన్నిటికంటే తక్కువ కోట్ చేసినవాడికే కాంట్రాక్టు ఇస్తారు కదా సార్. రెట్టింపు ఓటీ, పీఎఫ్, ఈఎస్‌ఐ, సెలవులు, తన కమిషన్ అన్నీ కలిపితే ఆ రేటుకు గిట్టదని కంపెనీ కొనుగోళ్ళ విభాగానికి తెలియదా? నేనే అలాంటి కొటేషన్లు టైప్ చేశాను. చూడగానే తెలుస్తుంది, ఎక్కడో కోత పడుతుందని.

యాదమ్మ_బిడ్డ | సోమవారం మధ్యాహ్నం 1:50

మా అమ్మ చెప్తుంటే నేను టైప్ చేస్తున్నాను. మాది జడ్చర్ల. అమ్మ ప్రభుత్వ ఆసుపత్రిలో ఏజెన్సీ కింద శుభ్రం చేసే పని చేస్తుంది.

2021లో అవుట్‌సోర్సింగ్ వాళ్ళకు పెంచుతూ జీఓ 60 ఇచ్చారు. అమ్మ వాళ్ళ వర్గానికి 12,000 నుంచి 15,600 అయింది. పెరిగిందని ఆ రోజు అమ్మ కిలో మిఠాయి తెచ్చింది. నెలాఖరుకు చేతికొచ్చింది 11,226.

నేను డిగ్రీ కామర్స్ చదివాను, కూర్చుని లెక్క కట్టాను. అమ్మ వాటా పీఎఫ్ 15,000 మీద 1,800. ఈఎస్‌ఐ 117. అవి పోతే 13,683 రావాలి. ఇంకో 2,457 ఎటు పోయిందా అని చూస్తే, ఏజెన్సీ కట్టాల్సిన పీఎఫ్ 1,950, ఈఎస్‌ఐ 507 రెండూ అమ్మ జీతంలోంచే కోశారు. రెండు వాటాలూ అమ్మే కట్టుకుంది. ఏడాదికి 29,484 రూపాయలు. సూపర్‌వైజర్‌ను అడిగితే, నీకిష్టం లేకపోతే లైన్‌లో పదిమంది ఉన్నారు అన్నాడు.

అమ్మ ఒకటి రాయమంటోంది. కాన్పుల వార్డు కడిగేటప్పుడు గ్లవుజులు చిరిగితే కొత్తవి ఇవ్వరు, తనే కొనుక్కుంటుంది. జత రెండు రోజులు కూడా రావటం లేదట. దాని లెక్క జీతం చీటీలో ఉండదు బిడ్డా, అది కూడా రాయి అంటోంది.

నిర్వాహకులు | సోమవారం మధ్యాహ్నం 2:30

ఏజెన్సీ పేరు, కంపెనీ పేరు రాసిన రెండు పోస్టులు తీసేశాం. పేర్లు లేకుండా రాయండి. చర్చ కొనసాగించండి.

దేవరకొండ_మాష్టారు | సోమవారం సాయంత్రం 6:10

అమ్మా యాదమ్మా, మీ బిడ్డ వేసిన లెక్క చూసి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. యజమాని వాటాను కార్మికుల జీతంలోంచి కోయడం పీఎఫ్ నిబంధనల్లోనూ ఈఎస్‌ఐ నిబంధనల్లోనూ నిషేధం. ఆ 2,457 మీది.

నేను రిటైరైన సాంఘిక శాస్త్రం టీచర్‌ని. మా తాత దొర గడిలో వెట్టి చేశాడు. పెళ్ళికి, పేరంటానికి, పంట కోతకు కబురొస్తే పోవాల్సిందే, కూలి ఉండదు. ఆ వెట్టి మీదనే 1946 నుంచి 1951 దాకా మన నల్లగొండ జిల్లా సాయుధంగా లేచింది. ఆ తర్వాత రాజ్యాంగం వచ్చింది. 23వ అధికరణంలో వెట్టిని నిషేధించారు. మీలో చాలామందికి అంతవరకు తెలిసే ఉంటుంది.

తెలియాల్సింది ఇంకొకటి ఉంది. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం కట్టడాలు కట్టారు. కూలీలకు కనీస వేతనం కూడా ఇవ్వటం లేదని కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. జస్టిస్ పి.ఎన్. భగవతి తీర్పు చెప్పారు. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేసేవాణ్ణి కొట్టి చేయించనక్కర్లేదు, ఆకలి చేయిస్తుంది, అదీ బలవంతమే, కాబట్టి అది 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుంది అని ఆ తీర్పు సారం. మా తాత చేసినదానికీ కనీస కూలి కంటే తక్కువకు పనిచేయడానికీ రాజ్యాంగం దృష్టిలో ఒకటే పేరు. క్లాసులో ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ నా గొంతు పట్టేసేది.

కనీస వేతనం ఎంత ఉండాలో కూడా ఎప్పుడో లెక్క కట్టారు. 1957లో 15వ భారత కార్మిక సమావేశం. సంపాదించే మనిషి, ఇల్లాలు, ఇద్దరు పిల్లలు కలిపి మూడు యూనిట్లు. ఒక్కో యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల తిండి. ఇంటిల్లిపాదికీ ఏడాదికి 72 గజాల బట్ట. ఇంటి అద్దె. వంటచెరకు, దీపం, ఇతర ఖర్చులకు మొత్తంలో 20 శాతం. 1991లో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం, పండగలు, ముసలితనం, పెళ్ళిళ్ళ కోసం ఇంకో 25 శాతం కలపాలంది.

అయ్యా హెచ్ఆర్ గారూ, ఎండీ జీతానికి మార్కెట్ రేటు అంటున్నారు. ఈ లెక్కను కూడా ఒకసారి మార్కెట్‌కు తీసుకెళ్ళండి. రైతు బజారులో ధర చూసి నలుగురున్న ఇంటికి నెలకు ఎంతవుతుందో కట్టండి. కట్టాక 13,000 పక్కన పెట్టి చూడండి.

మిల్లు_మనిషి_మిర్యాలగూడ | సోమవారం రాత్రి 8:35

నేను రైస్ మిల్లులో భాగస్థుణ్ణి. తిడతారేమోనని నిన్నటి నుంచి చదువుతూ ఊరుకున్నాను.

మా దగ్గర ఎండీలు లేరు, నలుగురు భాగస్థులం. సర్కారు వడ్లు మరపట్టి క్వింటాకు 67 కిలోల బియ్యం తిరిగివ్వాలి, బాయిల్డ్ అయితే 68. నూక ఎక్కువైతే నష్టం మాదే. హమాలీలకు బస్తాకింత అని రేటు, సంఘంతో కూర్చుని మాట్లాడుకుంటాం. సీజన్‌లో గట్టి హమాలీ కనీస వేతనం కంటే బాగా ఎక్కువే సంపాదిస్తాడు, నిజం. సీజన్ పోయాక లారీలు రాని రోజున పొద్దుటి నుంచి సాయంత్రం దాకా షెడ్డులో కూర్చుని వంద రూపాయలతో పోయినవాళ్ళూ ఉన్నారు, అదీ నిజం. ఆ రోజుకు చట్టం ఏమంటుందో నాకు నిజంగా తెలియదు. ఎవరైనా చెప్పండి.

ఇంకో మాట. పెద్ద కంపెనీ జీతాలు కనీసం అచ్చవుతాయి, సైదులు చూశాడు, అడుగుతున్నాడు. మా మిల్లుల్లో, క్రషర్లలో, ప్రైవేటు కాలేజీల్లో యజమాని ఎంత తీసుకుంటాడో, లెక్చరర్‌కు ఎంతిస్తాడో ఎక్కడా అచ్చవదు. రెట్ల లెక్క మా దాకా రానే రాదు.

పాలమూరు_లెక్కలు | సోమవారం రాత్రి 9:10

అన్నా, మీరు అడిగిందే గొప్ప. తెలిసింది చెప్తాను. బస్తా రేటు మీద పనిచేసినా కనీస వేతనం వర్తిస్తుంది. పనికి మనిషి సిద్ధంగా ఉన్నాడు, పని ఇవ్వలేకపోయింది మీరు అయితే, ఆ రోజు కూలి నష్టం అతని మీద వేయకూడదన్నది చట్టం ఉద్దేశం. పాత చట్టంలో షెడ్యూల్‌లో ఉన్న పనులకే కనీస వేతనం ఉండేది. వేతన కోడ్‌లో ఆ షెడ్యూల్ పోయింది, అన్ని పనులకూ వర్తిస్తుంది. మీరన్న లెక్చరర్లకు కూడా.

అచ్చంపేట_వలస | సోమవారం రాత్రి 10:25

మా అమ్మానాన్నలు పాలమూరు లేబర్. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని నన్ను మా నాయనమ్మ దగ్గర వదిలి పోయేవాళ్ళు. డ్యామ్‌లు, కాలువలు, బొంబాయిలో బిల్డింగులు. ఆరు నెలలకు తిరిగొస్తే అడ్వాన్స్‌లో తిండి ఖర్చు, బస్సు ఖర్చు, నాగాలు పోను ఇంకా మేమే బాకీ ఉండేవాళ్ళం. ఎవరికీ జీతం చీటీ లేదు. మేస్త్రీ జేబులో చిన్న నోట్‌బుక్, అదే మా వార్షిక నివేదిక. మా నాన్నకు చదువు రాదు, అందులో ఏం రాసుందో చివరిదాకా తెలియలేదు.

నేనిప్పుడు సర్కారు జూనియర్ అసిస్టెంట్‌ని. మా దగ్గర 2020 పీఆర్సీలో కనిష్ఠం 19,000, గరిష్ఠం 1,62,070. ఎనిమిదిన్నర రెట్లు. కేంద్రంలో ఏడో వేతన సంఘం ప్రకారం 18,000 నుంచి 2,50,000, దాదాపు 14 రెట్లు. కేబినెట్ కార్యదర్శి దేశం మొత్తం చూస్తారు. ఆయనకు 14 రెట్లు సరిపోయినప్పుడు మాత్రల కంపెనీ ఎండీకి మూడంకెల రెట్లు ఎందుకు కావాలో నాకు అర్థం కావటం లేదు.

స్విట్జర్లాండ్‌లో 2013లో, కంపెనీలో అందరికంటే పెద్ద జీతం అందరికంటే చిన్న జీతానికి 12 రెట్లు మించొద్దని జనం ఓటుకు పెట్టారు. దాదాపు 65 శాతం మంది వద్దన్నారు, ఓడిపోయింది. కానీ ఓటుకైతే పెట్టారు. మన దగ్గర అదీ లేదు.

ఇంకోటి, యాదమ్మ గారి పక్కన అదే వార్డు కడిగే పర్మినెంట్ మనిషి ఉంటే ఆమె మూల వేతనమే 19,000తో మొదలు, పైన డీఏ, హెచ్‌ఆర్‌ఏ. ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగికి సమాన వేతనం ఇవ్వాలని 2016లో పంజాబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని కూడా పట్టుకోండి.

ప్లాంట్_హెచ్ఆర్ | మంగళవారం ఉదయం 6:50

రాత్రి నిద్ర పట్టలేదు. మాష్టారు చెప్పిన లెక్క మా ఆవిడతో కలిసి కట్టాను. అంకె ఇక్కడ రాయను, 13,000తో ఆ ఇల్లు నడవదు.

ఎండీ జీతం మీద నా అభిప్రాయం అదే. కానీ ఓటీ విషయంలో, యజమాని వాటా విషయంలో వాదించడానికి ఏమీ లేదు. ఇరవై ఏళ్ళు ఈ ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి పనికొచ్చేది చెప్తాను.

సైదులు గారూ, మీ తమ్ముణ్ణి ఈ రోజు నుంచి వచ్చిన టైము, పోయిన టైము చిన్న పుస్తకంలో రాసుకోమనండి, తేదీతో. గేటు దగ్గర వేలిముద్ర పడుతుంది కదా, ఆ డేటా కంపెనీ సర్వర్‌లో ఉంటుంది, అధికారి అడిగితే ఇవ్వక తప్పదు. జీతం చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంట్, పీఎఫ్ పాస్‌బుక్ మూడూ తీయండి. పాస్‌బుక్‌లో చూపిన జీతం, చీటీ మీది జీతం ఒకటేనా చూడండి, తేడా ఉంటే అది వేరే కేసు. మెషీన్ లాగ్ షీట్ మీద ఆపరేటర్ అని వాడి సంతకం ఉంటుంది. సెంట్రిఫ్యూజ్ నడిపినట్టు అంతకంటే రుజువు అక్కర్లేదు, హెల్పర్ అన్న హోదా అక్కడే పోతుంది. షీట్ బయటికి తేవొద్దని చెప్పండి, దొంగతనం కేసు పెడతారు. ఫలానా తేదీల లాగ్ షీట్లు తెప్పించండి అని అర్జీలో రాస్తే చాలు.

కార్మిక శాఖ ఆఫీసుకు ఒక్కడే పోతే మర్నాడు గేటు దగ్గర ఆపేస్తారు. ఐదారుగురు కలిసి పొమ్మనండి, లేదా యూనియన్ ద్వారా.

పాలమూరు_లెక్కలు | మంగళవారం ఉదయం 9:20

హెచ్ఆర్ గారికి చేతులెత్తి దండం.

చట్టం సంగతి కలుపుతున్నాను. పాత చట్టంలో ఆరు నెలల్లోపు అర్జీ పెట్టుకోవాలి. వేతన కోడ్‌లో గడువు మూడేళ్ళు. నియమించిన అధికారి రావాల్సిన సొమ్ముతో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం వేయొచ్చు. మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని రాసుంది. జీతం సరిగ్గా ఇచ్చామని రుజువు చేసుకోవాల్సింది యజమాని, కార్మికుడు కాదు. కాంట్రాక్టర్ ఇవ్వకపోతే కంపెనీయే కట్టాలి. కాబట్టి సైదులన్నా, అర్జీలో ఇద్దరి పేర్లూ రాయండి, యాదమ్మ గారి బిడ్డ కూడా అంతే.

తక్కువ ఇచ్చిన యజమానికి శిక్ష మాత్రం మొదటిసారి 50,000 జరిమానా దాకానే. ఐదేళ్ళలో రెండోసారి దొరికితే మూడు నెలల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి మంది దగ్గర నెలకు 3,000 మిగుల్చుకునేవాడికి ఆ 50,000 ఏం భయం చెప్తుంది? ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

సైదులు_చౌటుప్పల్ | మంగళవారం రాత్రి 9:55

అందరికీ దండాలు. మాష్టారూ, మీరు రాసింది షాపులో తమ్ముడికి చదివి వినిపించాను. వెట్టి దగ్గరికొచ్చేసరికి వాడు ఫోన్ నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ తనే చదువుకున్నాడు.

ఐదో సూత్రం పట్టిక దొరికింది. పర్మినెంట్ కాని కార్మికుల గడి ఉంది. అందరికీ కనీస వేతనం కంటే ఎక్కువే, నూటికి నూరు శాతం అని రాశారు. ఓటీ గడి అంటూ ఏదీ లేదు.

ఇంకో సంగతి. ఈసారి వాటాదారుల సమావేశంలో ఎండీని మళ్ళీ నియమించి జీతం పెంచే ప్రత్యేక తీర్మానం ఉంది. నాకొచ్చిన మెయిల్‌లోనే ఆన్‌లైన్ ఓటు లింక్ ఉంది. నా 12 షేర్లతో ఏమవుతుంది?

పాలమూరు_లెక్కలు | మంగళవారం రాత్రి 10:15

ప్రత్యేక తీర్మానం నెగ్గాలంటే పడిన ఓట్లలో నాలుగింట మూడు వంతులు అనుకూలంగా ఉండాలి. 2018లో అపోలో టైర్స్‌లో యజమాని కుటుంబానికి చెందని వాటాదారులు ఎండీ పునర్నియామకాన్ని ఓడించారు, తర్వాత ఆ ఎండీ జీతం తగ్గించుకున్నారు. 2021లో ఐషర్ మోటార్స్‌లో 73 శాతం ఓట్లు అనుకూలంగా పడినా 75కు చేరలేదు కాబట్టి తీర్మానం వీగిపోయింది. అక్కడ ఓడించింది ఎక్కువగా మ్యూచువల్ ఫండ్ల లాంటి సంస్థలు. మీ 12 షేర్లతో తీర్మానం ఓడిపోదు అన్నా, ఉన్నదున్నట్టు చెప్తున్నాను. కానీ సమావేశంలో మాట్లాడతానని ముందే మెయిల్ పెడితే వాటాదారుడిగా ప్రశ్న అడగొచ్చు. ఒక్క షేరున్నా అడగొచ్చు.

సైదులు_చౌటుప్పల్ | బుధవారం ఉదయం 7:05

వ్యతిరేకంగా వేశాను. మాట్లాడతానని మెయిల్ కూడా పెట్టాను. అడగబోయే ప్రశ్న ఇది, తప్పులుంటే దిద్దండి:

"కాంట్రాక్టు కార్మికులకు నూటికి నూరు శాతం కనీస వేతనం కంటే ఎక్కువ ఇస్తున్నామని నివేదికలో రాశారు. వాళ్ళ ఓటీకి గంటకు ఏ రేటు కడుతున్నారు? మీ ప్లాంటులో సెంట్రిఫ్యూజ్ నడిపేవాళ్ళలో ఎంతమంది చీటీ మీద హెల్పర్ అని ఉంది? వాళ్ళను కూడా కలిపి ఎండీ జీతం ఎన్ని రెట్లో చెప్పగలరా?"

తమ్ముడితో ఇంకో నలుగురు వస్తున్నారు. ప్లాంటు నల్లగొండ జిల్లా కిందికే వస్తుంది, శుక్రవారం అందరికీ వీక్లీ ఆఫ్ కలిసింది, ఆ రోజే నల్లగొండ కార్మిక శాఖ ఆఫీసుకు అర్జీతో పోతున్నాం. చీటీలు, స్టేట్‌మెంట్లు జిరాక్స్ తీయించాను. యాదమ్మ గారి బిడ్డా, మీ అర్జీ నకలు కావాలంటే మాది పంపిస్తాను, పేర్లు, అంకెలు మార్చుకుంటే సరిపోతుంది.

యాదమ్మ_బిడ్డ | బుధవారం ఉదయం 7:40

పంపించండి అన్నా. అమ్మ వార్డులో ఇంకో తొమ్మిది మంది సంతకం పెడతామన్నారు. ఇద్దరికి వేలిముద్రే, పర్వాలేదా?

పాలమూరు_లెక్కలు | బుధవారం ఉదయం 7:52

వేలిముద్ర చెల్లుతుంది. పక్కన చదివి వినిపించినవాళ్ళ సంతకం, తేదీ వేయించండి.